బంజారాహిల్స్ కౌంటర్ నుంచి మన గూడెం దాకా: కంప్యూటర్ ప్రభుత్వం నడిచొచ్చిన దారి



ఈసారి పోస్టు కొంచెం పెద్దది. తీరిక చూసుకుని చదవండి.

అడ్మిషన్ల టైమ్ వచ్చిందంటే మనందరికీ ఒకటే పని, మీసేవ చుట్టూ తిరగడం. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, ఆధార్‌లో ఇంటిపేరు సరిచేయించుకోవడం, బ్యాంకు ఖాతాకి లింకు, ఈ-పాస్‌లో అప్లికేషన్. "సర్వర్ డౌన్, రేపు రా తమ్ముడూ" అనే మాట వినని వాళ్లు మన గ్రూపులో ఉండరు. ఇంట్లో అమ్మానాన్నలకి వేలిముద్ర పడక రేషన్ దగ్గర ఆగిపోవడం కూడా మనకి కొత్త కాదు. తిట్టుకుంటాం, మళ్లీ వెళ్తాం, పని అయితే మర్చిపోతాం.

కానీ ఈ కంప్యూటర్ ప్రభుత్వం మన తెలుగు నేల మీద ఎక్కడ మొదలైంది? ఎవరి అవసరం కోసం మొదలైంది? మన దాకా రావడానికి ఎన్నేళ్లు పట్టింది? ఈ చరిత్ర తెలిస్తే, ఇప్పుడు మనం ఏం అడగాలో కూడా తెలుస్తుంది. అందుకే రాస్తున్నా.

1. బంజారాల పేరున్న గుట్ట

ఇవాళ బంజారాహిల్స్, జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ అంటే హీరోల ఇళ్లు, స్టూడియోలు, పెద్ద పెద్ద ఆఫీసులు. ఒకప్పుడు అవి బండరాళ్లు, తుప్పలు ఉన్న గుట్టలు. అక్కడ బంజారాలు, అంటే మన లంబాడీలు, పశువులు మేపుకుంటూ ఉండేవాళ్లు. 1930ల్లో నిజాం ప్రభుత్వంలో అధికారిగా ఉన్న మెహదీ నవాజ్ జంగ్ ఆ గుట్టల మీద ఇల్లు కట్టుకుని, చుట్టూ కాలనీ పెరిగేలా చేశాడు. ఆ పేరు బంజారాలదే. పేరు మిగిలింది, మనుషులు మిగల్లేదు.

1960ల్లో పక్కనే జూబ్లీహిల్స్ హౌసింగ్ సొసైటీ వచ్చింది. సినిమావాళ్లు మద్రాసు నుంచి మెల్లగా హైదరాబాద్ రావడం మొదలుపెట్టారు. 1976లో బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలైంది. తర్వాత ఫిల్మ్‌నగర్ తయారైంది. పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు, ఫిల్మ్ ఛాంబర్ అన్నీ ఆ గుట్టల మీదకే చేరాయి. వాటి పక్కనే ఆ ఇళ్లల్లో, షూటింగుల్లో పనిచేసే కూలీలు, డ్రైవర్లు, లైట్‌మెన్లు, పనిమనుషుల బస్తీలు కూడా పెరిగాయి. ఒకే గుట్ట మీద పైన బంగళాలు, కింద రేకుల ఇళ్లు.

కంప్యూటర్ ప్రభుత్వం మొదటి కౌంటర్ తెరిచింది కూడా సరిగ్గా ఈ చుట్టుపక్కలే.

2. 1999 డిసెంబర్

అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రి. 1998 నవంబర్‌లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో 'కార్డ్' అనే కంప్యూటర్ పద్ధతి మొదలైంది. అదే నెలలో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. మరుసటి ఏడు, 1999 డిసెంబర్‌లో, బంజారాహిల్స్‌లో 'ట్విన్స్' అనే పేరుతో ఒక ప్రయోగాత్మక కేంద్రం తెరిచారు. జంట నగరాల వాళ్ల కోసం కాబట్టి ఆ పేరు.

అంతకుముందు కరెంటు బిల్లుకి ఒక ఆఫీసు, నల్లా బిల్లుకి ఇంకో ఆఫీసు, ఇంటి పన్నుకి మరో ఆఫీసు. ప్రతిచోటా లైను, ప్రతిచోటా "చిల్లర లేదు", "భోజనం టైమ్". ట్విన్స్‌లో ఇవన్నీ ఒకే కౌంటర్ దగ్గర. ఏ కౌంటర్‌కి వెళ్లినా ఏ బిల్లయినా కట్టొచ్చు. ప్రయోగం బాగుందని 2001 ఆగస్టు 25న దాన్నే 'ఈ-సేవ'గా మార్చి నగరమంతా కేంద్రాలు పెట్టారు. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా తెరిచి ఉండేవి. తర్వాత మిగతా పట్టణాలకి విస్తరించింది. అప్పట్లో దేశంలో వేరే రాష్ట్రాల వాళ్లు కూడా వచ్చి చూసి వెళ్లేవాళ్లు. ఇది నిజంగా మంచి పనే, కాదనాల్సిన పనిలేదు. లంచం అడిగే చేతులు కొన్ని తగ్గాయి, సామాన్యుడి సమయం మిగిలింది.

అయితే ఆ కౌంటర్ దగ్గర ఎక్కువగా జరిగిన పని ఏంటో గమనించండి. కరెంటు బిల్లు, నీటి బిల్లు, ఇంటి పన్ను. అంటే ప్రభుత్వానికి జనం కట్టేవి. జనన మరణ సర్టిఫికెట్ల లాంటివి కొన్ని ఇచ్చినా, ముఖ్యమైన పని వసూలే. మీటరున్న ఇల్లు, నల్లా ఉన్న ఇల్లు, పన్ను కట్టే ఇల్లు ఉన్నవాళ్లకే ఆ సుఖం. బంజారాల పేరున్న గుట్ట మీద తెరిచిన కౌంటర్‌లో తండాలో ఉన్న బంజారాకి, గూడెంలో ఉన్న కోయకి, పెంటలో ఉన్న చెంచుకి అప్పట్లో పనే లేదు.

ప్రభుత్వం నుంచి రావాల్సినవి, అంటే రేషన్, పెన్షన్, కూలి డబ్బులు, కులం సర్టిఫికెట్, భూమి కాగితం, చాలావరకు తర్వాతే కంప్యూటర్‌లోకి వెళ్లాయి. బిల్లు కట్టేవాడికి కంప్యూటర్ సౌకర్యంగా వచ్చింది. రేషన్ తీసుకునేవాడి దగ్గరికి తనిఖీగా వచ్చింది. ఈ తేడాని గుర్తుపెట్టుకోండి.

3. కంప్యూటర్ కంటే ముందు కాగితం

ఈ కథ మనకి 1999లో మొదలవలేదు. మనోళ్లకి రికార్డుతో గొడవ చాలా పాతది.

ఆదిలాబాద్‌లో గోండులు, కొలాములు తరతరాలుగా సాగు చేసుకున్న భూములకి వాళ్ల దగ్గర పట్టా కాగితం లేదు. ఈ భూమి ఎవరిదో ఊరందరికీ తెలుసు, అదే రుజువు. నిజాం ప్రభుత్వం సర్వేలు, పట్టాలు అని మొదలుపెట్టాక, చదువొచ్చిన బయటివాళ్లు పట్వారీ దగ్గర తమ పేర్లు రాయించుకున్నారు. కాగితం మీద పేరు లేనివాడు తన చేనులోనే పరాయివాడయ్యాడు. పైగా అడవి హద్దుల పేరుతో ఇళ్లు కూల్చారు. కొమురం భీం పోరాటం ఈ నేపథ్యంలోనే వచ్చింది. 1940లో జోడేఘాట్‌లో ఆయన అమరుడయ్యాడు.

ఆ తర్వాత నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ని పిలిపించి అసలు సమస్య ఏంటో తెలుసుకోమంది. ఆయన చెప్పినవాటిలో మనకి ఇవాళ పనికొచ్చేవి రెండు. ఒకటి, గోండుల పేరు మీద పట్టాలు ఇవ్వాలి. రెండు, గోండులే గోండుల పిల్లలకి చదువు చెప్పాలి. 1943లో మర్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి భాషలోనే వాచకాలు తయారుచేశారు. అంటే 80 ఏళ్ల కిందటే ప్రభుత్వం ఒక సంగతి ఒప్పుకుంది. రికార్డు ఇస్తే సరిపోదు, ఆ రికార్డు చదవగలిగే మనిషి అదే ఊళ్లో ఉండాలి.

ఇప్పటి మన వెబ్‌సైట్లు చూడండి. తెలుగు, ఇంగ్లీషు. గోండి, కోయ, కొలామి, కువి, సవర, లంబాడీ మాత్రమే బాగా వచ్చిన అవ్వ ఆ స్క్రీన్ ముందు ఏం చేయాలి? పట్వారీ పుస్తకం ముందు తాత ఎలా నిలబడ్డాడో, అవ్వ కూడా అలాగే నిలబడుతుంది.

4. కౌంటర్ పల్లెకి వచ్చిన రోజులు

పట్టణం దాటి పల్లెకి వచ్చిన మొదటి ప్రయత్నాల్లో పశ్చిమ గోదావరి జిల్లాది ముఖ్యమైనది. 2002లో అక్కడ గ్రామీణ ఈ-సేవ కేంద్రాలు పెట్టారు. చాలా కేంద్రాలని పొదుపు సంఘాల మహిళలకి అప్పజెప్పారు. కంప్యూటర్ అంటే ఏంటో ఊరు చూడని రోజుల్లో, ఊరి ఆడవాళ్లే దాని ముందు కూర్చున్నారు. మన పోలవరం, బుట్టాయగూడెం ఏజెన్సీ అప్పట్లో ఉన్న జిల్లా అదే.

తర్వాత 2011 నవంబర్ 4న చిత్తూరు జిల్లాలో మీసేవ మొదలైంది. అందులో కొత్త సంగతి డిజిటల్ సంతకం. రికార్డులు ముందే కంప్యూటర్‌లో ఎక్కించి అధికారి సంతకం చేసి పెడితే, అడిగినప్పుడు కేంద్రంలోనే ప్రింటు తీసి ఇవ్వొచ్చు. తహసీల్దార్ సారు క్యాంపుకి వెళ్లాడు అనే సాకు కొన్ని కాగితాలకి పోయింది.

మనకి మాత్రం సగమే పోయింది. ఎందుకంటే ఎస్టీ సర్టిఫికెట్ కంప్యూటర్‌లోంచి దానంతటది రాదు. 1993 నాటి కుల ధృవీకరణ చట్టం ప్రకారం అధికారి విచారణ చేసి ఇవ్వాలి. కొన్ని తెగలకి ఆ అధికారం ఆర్డీఓది. బయటివాళ్లు దొంగ సర్టిఫికెట్లు తీసుకోకుండా పెట్టిన కాపలా అది, మనకి అవసరమే. కానీ అప్లికేషన్ ఆన్‌లైన్‌లో పడ్డా, ఆ విచారణ పాత దారిలోనే నడుస్తుంది. అప్లికేషన్ పెట్టిన పిల్లవాడికి ఫోన్‌లో "పెండింగ్" అని కనిపిస్తుంది. ఎవరి దగ్గర పెండింగో, ఎందుకు పెండింగో కనిపించదు.

5. మనకి నిజంగా పనికొచ్చిన కంప్యూటర్

అలాగని అంతా నష్టమే అని రాస్తే అది చరిత్ర కాదు. మనకి మేలు చేసిన సందర్భం ఒకటి ఉంది. దాన్ని మనం సరిగ్గా తెలుసుకోవాలి.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ఉమ్మడి రాష్ట్రంలో మొదటి నుంచే జాబ్ కార్డులు, మస్టర్లు, కొలతలు, చెల్లింపులు కంప్యూటర్‌లో ఎక్కించారు. ఇక్కడిదాకా మామూలే. అసలు విశేషం తర్వాతది. ఆ కంప్యూటర్‌లో ఉన్న లెక్కని ప్రింటు తీసి మళ్లీ ఊరికే తెచ్చారు. కూలి కుటుంబాల్లోని చదువుకున్న పిల్లలకే శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ పంపించారు. "అక్కా, నీ పేరు మీద పన్నెండు రోజులు పని చేసినట్టు ఉంది, నిజమేనా? ఇన్ని డబ్బులు ఇచ్చామని ఉంది, అందాయా?" అని అడిగారు. తేడాలు రాసుకున్నారు. ఆ తర్వాత ఊళ్లో అందరి ముందు చదివారు. మండలంలో ప్రజావేదిక పెట్టి అధికారుల్ని జవాబు అడిగారు. దీన్నే సామాజిక తనిఖీ అన్నాం. 2009లో దీనికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీ కూడా ఏర్పడింది.

ఆ కూలీకి కంప్యూటర్ రాదు, అక్షరం కూడా రాకపోవచ్చు. అయినా కంప్యూటర్‌లో ఉన్న తన లెక్క తన చెవిన పడింది. అబద్ధమైతే నలుగురిలో నిలబడి కాదనగలిగింది. దొరికిన డబ్బంతా వెనక్కి రాలేదు, తప్పు చేసిన అందరికీ శిక్ష పడలేదు. కానీ చనిపోయిన వాళ్ల పేర్లతో మస్టర్లు రాసేవాడికి భయం పుట్టింది.

అదే కాలంలో స్మార్ట్‌కార్డులు వచ్చాయి. వేలిముద్రతో కూలి, పెన్షన్ చెల్లించే పద్ధతి. దీని మీద కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు పెద్ద అధ్యయనం చేశారు. 8 జిల్లాల్లో 157 మండలాలు. వాటిలో ఆదిలాబాద్, ఖమ్మం, విజయనగరం కూడా ఉన్నాయి, అంటే మన ప్రాంతాలే. 2016లో అది అచ్చయింది. కూలి త్వరగా అందింది, మధ్యలో మాయమయ్యే డబ్బు తగ్గింది, అర్హులు బయటపడిపోవడం పెరగలేదు అని తేలింది.

వేలిముద్ర మిషన్ ఒకటే ఈ పని చేసిందా? రెండు సంగతులు చూడాలి. డబ్బులిచ్చే మనిషి ఊళ్లోనే ఉండింది, చాలాచోట్ల పొదుపు సంఘం నుంచి వచ్చిన మహిళ. రెండోది, కార్డు రానివాళ్లకి, వేలిముద్ర పడనివాళ్లకి పాత పద్ధతిలో ఇవ్వడం వెంటనే ఆపేయలేదు. రెండేళ్లకి దాదాపు సగం చెల్లింపులే కొత్త పద్ధతిలోకి మారాయి. కొత్త తలుపు తెరుస్తూ పాత తలుపు మూసేయలేదు.

తర్వాత ఇదే బృందం ఝార్ఖండ్‌లో రేషన్‌కి ఆధార్ తప్పనిసరి చేసినప్పుడు ఏం జరిగిందో చూసింది. అక్కడ పాత తలుపు మూసేశారు. ఆధార్ లింకు కాని కుటుంబాలు కొన్ని రేషన్‌కి దూరమయ్యాయి. అక్కడా వేలిముద్ర మిషనే, కానీ ఫలితం వేరు.

6. తలుపు మూసుకున్న చోట

ఆధార్ మొదటి నంబర్ ఎవరికి ఇచ్చారో తెలుసా? 2010 సెప్టెంబర్ 29న, మహారాష్ట్ర నందుర్బార్ జిల్లా తెంభ్లీ ఊళ్లో, ఒక ఆదివాసీ మహిళకి. ఏ గుర్తింపూ లేని పేదవాడికి గుర్తింపు ఇవ్వడానికే ఇది అని అప్పుడు చెప్పారు. మాట మంచిదే. ఊరు దాటితే మనోళ్లని ఎవరూ గుర్తించని కాలం అది.

కానీ గుర్తింపు ఇవ్వడానికి వచ్చిన నంబరు, మెల్లగా ప్రతి తలుపు దగ్గరా తాళం అయ్యింది. రేషన్, పెన్షన్, స్కాలర్‌షిప్, కూలి. ఉపాధి పనిలో 2023 జనవరి 1 నుంచి పని దగ్గర రోజుకి రెండుసార్లు ఫోటో తీసి యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి చేశారు. 2024 జనవరి 1 నుంచి ఆధార్‌తో ముడిపడిన చెల్లింపు తప్పనిసరి అయ్యింది. సిగ్నల్ కోసం గుట్టెక్కే ఊళ్లు మనవి. కొండ మీద మట్టి తవ్విన మనిషికి, కింద టవర్ లేనందుకు హాజరు పోయే పరిస్థితి. చింతపండు కొట్టి, అడ్డాకులు కుట్టి, గడ్డపార పట్టి అరిగిపోయిన వేళ్లు మిషన్‌కి దొరకవు. జీవితాంతం కష్టం చేసినందుకే ఆ వేలిముద్ర చెల్లకుండా పోతోంది.

చట్టం ఇంత కఠినంగా లేదు, ఇది అందరూ తెలుసుకోండి. 2016 ఆధార్ చట్టం సెక్షన్ 7లోనే, నంబరు రానివాళ్లకి వేరే గుర్తింపుతో సాయం ఇవ్వాలని ఉంది. వేలిముద్ర పడకపోతే వేరే దారిలో ఇవ్వాలని యూఐడీఏఐ 2017 అక్టోబర్‌లో సర్క్యులర్ ఇచ్చింది. 2018 సెప్టెంబర్ 26 నాటి సుప్రీంకోర్టు తీర్పులో కూడా మిషన్ ఒప్పుకోలేదని అర్హుడికి సాయం ఆపకూడదన్న మాట ఉంది. కానీ ఈ సంగతి డిపో దగ్గర నిలబడ్డ అవ్వకి ఎవరు చెప్పాలి?

7. ఫిల్మ్‌నగర్‌కి ఇబ్బంది వచ్చినప్పుడు

ఇప్పుడు మళ్లీ ఆ గుట్టల దగ్గరికి వెళ్దాం. అక్కడివాళ్లకీ ఒకసారి ప్రభుత్వ ఆన్‌లైన్ పద్ధతితో ఇబ్బంది వచ్చింది. వాళ్లు ఏం చేశారో చూస్తే మనకి చాలా అర్థమవుతుంది.

2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సినిమా టికెట్ రేట్లు బాగా తగ్గించింది. అదే ఏడు నవంబర్‌లో సినిమాల చట్టాన్ని సవరించి, టికెట్లన్నీ ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ వేదిక ద్వారానే అమ్మాలని చెప్పింది. పన్ను ఎగవేత ఆగుతుంది, పేదవాడు తక్కువ ధరకి సినిమా చూస్తాడు అన్నది ప్రభుత్వం వాదన. మా డబ్బు ముందు ప్రభుత్వం చేతికి వెళ్లి తర్వాత మాకు రావాలా, ఈ రేట్లకి థియేటర్ నడుస్తుందా అన్నది సినిమావాళ్ల వాదన. ఎవరిది ఎంత న్యాయమో ఇక్కడ తేల్చక్కర్లేదు. నడిచిన తీరు చూడండి.

2022 ఫిబ్రవరి 10న చిరంజీవి, మహేశ్‌బాబు, ప్రభాస్, రాజమౌళి తదితరులు తాడేపల్లి వెళ్లి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డిని కలిశారు. మార్చి 7న కొత్త రేట్లతో జీవో వచ్చింది. ఆన్‌లైన్ టికెట్ల ఉత్తర్వులపై కొందరు హైకోర్టుకి వెళ్తే, 2022 జులైలో స్టే వచ్చింది. అంటే ముఖ్యమంత్రితో మాట్లాడే దారి ఉంది, ఛాంబర్ ఉంది, లాయర్ ఉన్నాడు, టీవీ ఉంది. పద్ధతి తమకి సరిపోలేదని చెప్పారు, కొన్ని నెలల్లో దాన్ని మార్పించగలిగారు లేదా ఆపించగలిగారు.

దీన్ని అసూయతో రాయట్లేదు. వాళ్లు చేసింది ప్రజాస్వామ్యంలో ఎవరైనా చేయాల్సిందే. నేను అడిగేది ఒక్కటే. నెట్‌వర్క్ లేని గూడెంలో ఫోటో హాజరు పద్ధతి సరిపోలేదని చెప్పడానికి మనకి ఏ ఛాంబర్ ఉంది? ఆ ఫోటో యాప్ తయారుచేసే ముందు మన ఏజెన్సీలో ఎంతమంది గ్రామసభని అడిగారు? కంప్యూటర్, ఫోన్, ఇంటర్నెట్ ఉంటేనే డిజిటల్ ప్రపంచంలో చేరినట్టు కాదు. పద్ధతి తప్పు అన్నప్పుడు అవతలివాడు వినాలి. అప్పుడే చేరినట్టు.

అదే ఫిల్మ్‌నగర్ గుట్ట కింద బస్తీల సంగతి కూడా చెప్పాలి. వాళ్లకి ఛాంబర్ లేదు. కానీ 2014 డిసెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం జీవో 58 తెచ్చి, ప్రభుత్వ స్థలాల్లో 125 గజాల లోపు ఇళ్లు వేసుకున్న పేదలకి పట్టా ఇస్తామన్నప్పుడు, అక్కడ ఉంటున్నామని రుజువు కావాల్సి వచ్చింది. కరెంటు బిల్లు, నల్లా బిల్లు, ఇంటి పన్ను రసీదు. మామూలుగా కట్టి పారేసే కాగితమే, దాచుకున్నవాడికి ఇంటి స్థలానికి ఆధారమయ్యింది. రసీదు విలువ బస్తీ నుంచి మనం నేర్చుకోవాలి.

8. భూమి కంప్యూటర్‌లోకి వెళ్లినప్పుడు

మనకి అన్నిటికంటే పెద్దది భూమి. తెలంగాణలో 2020 అక్టోబర్ 29న ధరణి వచ్చింది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకేచోట, ఒకేరోజు అన్నారు. రికార్డు శుభ్రంగా ఉన్నవాడికి అలాగే జరిగింది కూడా. కానీ పాత పహాణీలో అనుభవదారు కాలమ్ ఒకటి ఉండేది, అంటే నిజంగా సాగు చేస్తున్నది ఎవరు అని. కొత్త పద్ధతిలో అది కనిపించకుండా పోయింది. మనలాంటి చోట్ల, 1/70 చట్టం ఉన్నా గిరిజనేతరుల పేర్ల మీద భూములు నడిచే ఏజెన్సీలో, ఎవరు దున్నుతున్నారు అనే ఒక్క కాలమ్ ఎంత విలువైనదో వేరే చెప్పాలా? పైగా తప్పు పడితే సరిచేసే అధికారం కింది ఆఫీసులో లేకపోవడంతో జనం కలెక్టరేట్‌కి, కోర్టుకి తిరిగారు. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది, అప్పీలుకి దారి పెట్టారు. పోర్టల్ మారడం కంటే ఆ అప్పీలు దారి ముఖ్యం. దాన్ని వాడుకోవాలి.

ఇక్కడే 2006 అటవీ హక్కుల చట్టాన్ని పక్కన పెట్టి చూడండి. దాని నియమాల్లో, పోడు భూమికి రుజువుగా ఊరి పెద్దలు చెప్పిన మాటని రాసుకుంటే అదీ సాక్ష్యమే అన్నారు. గ్రామసభకి అధికారం ఇచ్చారు. నిజాం కాలంలో చెల్లని తాత మాట, 2006లో చట్టం ముందు చెల్లింది. ఎన్నో పోరాటాల తర్వాత దొరికిన హక్కు అది. ఆ మాటకి కంప్యూటర్‌లో ఒక గడి లేకపోతే, మళ్లీ మనం 1940కి ముందుకి వెళ్లినట్టే.

9. మరి మనం ఏం చేయాలి

ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్ 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు పెట్టారు. 2023 నవంబర్ 15న మొదలైన పీఎం-జన్‌మన్ కింద చెంచు, కొండరెడ్డి, కొలాం లాంటి తెగల ఊళ్లకే వచ్చి ఆధార్, కుల సర్టిఫికెట్ క్యాంపులు పెట్టారు. అంటే కౌంటర్ ఇప్పుడు బంజారాహిల్స్‌లో లేదు, మన చేతిలో ఫోన్‌లోనే ఉంది. గూడెంలో ఆ ఫోన్ పట్టుకున్నది ఎవరు? మనమే, చదువుకున్న పిల్లలం.

ఈ చరిత్రంతా చూశాక నాకు అర్థమైంది ఇది. ఊళ్లోనే ఒక మనిషి, మిషన్ కుదరకపోతే రెండో దారి, రికార్డుని అందరి ముందు చదివి తప్పుని తప్పు అనే అవకాశం. ఈ మూడూ ఉన్నచోట కంప్యూటర్ మనకి మేలు చేసింది. లేనిచోట పట్వారీ పుస్తకంలాగే పనిచేసింది.

కాబట్టి సెలవులకి ఊరెళ్లినప్పుడు ఈ నాలుగు పనులు చేద్దాం.

మొదటిది, ఎవరికైనా రేషన్, పెన్షన్ ఆగితే "పడలేదంట" అని వదలొద్దు. తేదీ, డిపో, మిషన్‌లో ఏం చూపించింది అన్నీ రాసుకోండి. పైన చెప్పిన సెక్షన్ 7, సర్క్యులర్ పేరు చెప్పి వేరే దారిలో ఇవ్వమని అడగండి. కుదరకపోతే రాతపూర్వకంగా ఐటీడీఏ పీఓకి ఇచ్చి రసీదు తీసుకోండి.

రెండోది, సర్టిఫికెట్ పెండింగ్ ఉంటే అప్లికేషన్ నంబర్ వేసి, ఎవరి దగ్గర ఎన్ని రోజులుగా ఉందో 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఒక్కడు అడిగితే విసుక్కుంటారు, ఒక హాస్టల్ మొత్తం అడిగితే జవాబిస్తారు.

మూడోది, ప్రతి ఇంట్లో రసీదులన్నీ ఒక కవర్‌లో పెట్టించండి. ఫోటో తీసి ఫోన్‌లో కూడా ఉంచండి. పోడుకి సంబంధించిన పాత జరిమానా కాగితాలు కూడా పారేయొద్దు, అవీ సాక్ష్యమే.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది. మీ ఊరి రేషన్ జాబితా, పెన్షన్ జాబితా, కూలి చెల్లింపులు, భూమి రికార్డు ఆన్‌లైన్‌లో ఎంతవరకు దొరికితే అంతవరకు ప్రింటు తీసి, గ్రామసభ రోజున అయినా సంత రోజున అయినా, చెట్టు కింద కూర్చుని మన భాషలో చదివి వినిపించండి. గోండి వస్తే గోండిలో, కోయ వస్తే కోయలో, లంబాడీ వస్తే లంబాడీలో. 2006 తర్వాత కూలీల పిల్లలు ఊరూరా తిరిగి చేసింది ఇదే. వాళ్లకి అప్పుడు స్మార్ట్‌ఫోన్ కూడా లేదు.

ఎవరి ఊళ్లో మొదలుపెడుతున్నారో మండలం పేరుతో ఇక్కడే రాయండి. పక్క మండలం వాళ్లు కలుస్తారు. అర్జీ ఎలా రాయాలో తెలియకపోతే అడగండి, మన సీనియర్లు లా చదివినవాళ్లు ఉన్నారు, కలిసి రాద్దాం.

జోహార్ కొమురం భీం.